మిడ్ తగ్గించకండి: బ్యాండ్‌లో గిటార్ వినబడాలంటే

ఇంట్లో ఒంటరిగా వాయించుకున్నప్పుడు నిండుగా వినిపించిన ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్, బాస్ గిటార్, కీబోర్డ్ తోడైన మరుక్షణం ఎక్కడికి పోయిందో తెలియకుండా పోతుంది. అప్పుడు చాలామంది యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే యాంప్లిఫయర్) వాల్యూమ్ పెంచుతారు. దాంతో డ్రమ్మర్ ఇంకా గట్టిగా కొడతారు, కీబోర్డూ పెరుగుతుంది, చివరికి పాడేవారి గొంతు మునిగిపోతుంది. పైగా యాంప్ వాట్లు రెట్టింపైతే దక్కేది 3 డెసిబెల్స్ మాత్రమే కాబట్టి, 50 వాట్ల యాంప్ తీసేసి 100 వాట్లది తెచ్చుకున్నా ఈ చిక్కు విడిపోదు. మిగతా వాద్యాలు ఆక్రమించని చోటు ఒకటి గిటార్‌కు చూపించాలి. యాంప్ మీద బాస్ నాబ్ లోతైన శబ్దాలను, ట్రెబుల్ నాబ్ కీచు శబ్దాలను, మిడ్ నాబ్ ఆ రెండింటి మధ్యవాటిని పెంచి తగ్గిస్తాయి. ఆ చోటు మిడ్ నాబ్ దగ్గరే ఉందని నా గట్టి నమ్మకం.

శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్ బాగా తగ్గి వినిపిస్తుందనీ, శబ్దం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుందనీ ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. అందువల్ల పక్కగదిలో వాళ్లకు ఇబ్బంది కలగకుండా చిన్నగా వాయించుకునే మనం బాస్, ట్రెబుల్ పెంచి, మిడ్ తగ్గించి, అదే మంచి టోన్ అనుకుంటాం. ఆ నాబులను కదపకుండా రిహార్సల్‌లో వాల్యూమ్ పెంచితే బాస్‌తో గదంతా దద్దరిల్లుతుంది, ట్రెబుల్ చెవిని కోస్తుంది, గిటార్‌ను గిటార్‌గా గుర్తుపట్టించే మధ్య భాగం మాత్రం ఉండదు.

గిటార్‌లో అన్నిటికంటే లావైన ఆరో తీగ మామూలు ట్యూనింగ్‌లో 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బాస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలై, ఆ పైన గిటార్ కింది స్వరాల దాకా తానే నిండి ఉంటుంది. కాలితో వాయించే పెద్ద డ్రమ్ (కిక్ డ్రమ్) బరువు కూడా అక్కడే. పైవైపు చూస్తే, గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది, అక్కడ రాజ్యమంతా డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేల్లాంటి సింబల్స్‌దే. గిటార్‌కు మిగిలేది ఈ రెండింటి నడుమ ఉన్న ప్రాంతమే.

నాబులన్నీ నడిమధ్యన, అంటే 5 దగ్గర పెడితే టోన్ సమంగా ఉంటుందన్నది కూడా నిజం కాదు. 1960ల నాటి ఫెండర్ యాంప్‌ల టోన్ సర్క్యూట్ అలా పెట్టినా మధ్యలో పెద్ద గుంట తవ్వుతుంది, ఎందుకంటే ఆ సర్క్యూట్ తగ్గించగలదే తప్ప పెంచలేదు. అదే కాలపు ఫెండర్ డీలక్స్ రివర్బ్ యాంప్‌కు అసలు మిడ్ నాబే లేదు. దానిలో బాస్, ట్రెబుల్ రెండూ తగ్గించి వాల్యూమ్ పెంచితే, మిడ్ పెంచినట్టే అవుతుంది. ఈ సంగతి తెలిసిన తర్వాత ఆ యాంప్ మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

నేను బాస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 5 దగ్గర మొదలుపెట్టి, పాటలో అన్ని వాద్యాలూ కలిసి మోగే భాగాన్ని పదేపదే వాయించమని మిత్రులను కోరతాను. అరచేతి అంచుతో ఆరో తీగను అదిమి వాయించినప్పుడు ఆ దెబ్బ కిక్ డ్రమ్‌తో కలిసి మసకగా వినిపిస్తే బాస్ ఇంకా తగ్గిస్తాను. పిక్ తీగను తాకే చప్పుడు వినబడేదాకా మిడ్ పెంచుతాను. ఈ స్థితిలో ఒంటరిగా వింటే టోన్ కాస్త పలచగా, ముక్కుతో పలికినట్టుగా ఉంటుంది. అది చూసి కంగారుపడి వెనక్కి తిప్పకూడదు. ట్రెబుల్ మాత్రం స్పీకర్‌కు ఎదురుగా చెవి పెట్టి విన్న తర్వాతే తేల్చాలి, ఎందుకంటే 12 అంగుళాల స్పీకర్ పై పౌనఃపున్యాలను తిన్నగా ముందుకే చిమ్ముతుంది, నేల మీద ఉన్న యాంప్ నుంచి అవి మన మోకాళ్లకు తగిలి ఎదుటివారి చెవుల్లోకి పోతాయి. యాంప్‌ను కుర్చీ మీద పెట్టినా, వెనక్కి వాల్చినా సరిపోతుంది. గది మూలకు ఆనించి పెడితే బాస్ దానంతటదే పెరుగుతుంది కనుక కాస్త ముందుకు జరపాలి.

గెయిన్ (యాంప్‌లో స్వరం ఎంత చిరగాలో తేల్చే నాబ్) ఒంటరిగా వాయించుకున్నప్పుడు మనకు నచ్చినదానికంటే తక్కువే ఉండాలి. డిస్టార్షన్, అంటే ఆ చిరిగిన గరగర, పెరిగేకొద్దీ చిన్న దెబ్బకూ పెద్ద దెబ్బకూ తేడా చెరిగిపోతుంది, తీగలు విడివిడిగా వినబడవు. ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్‌లో మాల్కమ్ యంగ్ రిథమ్ గిటార్ అంత బరువుగా ఉన్నా, దానిలో డిస్టార్షన్ మనం అనుకునేదానికంటే ఎంతో తక్కువ.

సినిమా పాటలు వాయించే మన బ్యాండ్లలో కీబోర్డ్ దాదాపు తప్పనిసరి, దాని ఎడమచేతి స్ట్రింగ్స్ గిటార్ బారే కార్డులు (ఒక వేలితో తీగలన్నీ అదిమి పట్టే స్వరాల గుత్తులు) ఉండే చోటే పరుచుకుంటాయి. అక్కడ ఎంత నాబ్ తిప్పినా లాభం లేదు. నేను సన్నని మూడు తీగల మీదే కార్డులు వాయిస్తాను, లేదా కీబోర్డ్ వాయించేవారిని ఎడమచేయి తేలిక చేయమని అడుగుతాను. సోలో వచ్చినప్పుడు ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్‌ను (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) దాని డ్రైవ్ (డిస్టార్షన్) బాగా తగ్గించి, లెవెల్ (వాల్యూమ్) పెంచి నొక్కితే చాలు, అది బాస్‌ను కోసి మిడ్‌ను ముందుకు తోస్తుంది కాబట్టి యాంప్ వాల్యూమ్‌ను తాకనవసరం లేదు.