అత్తను ఆసుపత్రికి తీసుకెళ్లాను

“ఇంకాస్త గట్టిగా దగ్గండమ్మా” అన్నారు డాక్టరుగారు. అత్త కళ్లు మూసుకుని దగ్గింది. సెంటీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లతో కొలిచి చెప్పారు: గర్భసంచి జారింది, 3వ దశ. మూత్రాశయం కూడా కిందికి దిగిందట.

జాలరిపేట నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని విశాఖలో ఇల్లిల్లూ తిరిగిన మనిషి. నలుగురు పిల్లల తల్లి. కింద ఏదో జారుతోందని, చేత్తో పైకి నెట్టుకుంటే గాని మూత్రం రావడం లేదని ఇన్నేళ్లూ కన్నకూతురికి కూడా చెప్పలేదు. “ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ ఉంటాయనుకున్నానే” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తమీద కాదు, ఆమెకు అలా నూరిపోసినవాళ్లమీద.

జారినదాన్ని లోపల నిలిపి ఉంచే పెసరీ అనే రింగు పెట్టుకోవచ్చన్నారు, కాని దాన్ని తీసి కడిగి మళ్లీ పెట్టుకుంటూ ఉండాలి. అత్త ఆపరేషనే కావాలంది. పొట్ట కోయకుండా కింది నుంచే గర్భసంచి తీసి, వదులైన యోని గోడలను కుట్టి, యోని పైభాగాన్ని కటిలోని గట్టి లిగమెంటుకు (ఎముకలను పట్టి ఉంచే పట్టీకి) బిగిస్తారు. జారినదాన్ని ఆపేందుకు మెష్ (కృత్రిమ వల) పెడతారేమోనని నా భయం. కింది నుంచి పెట్టే ఆ మెష్ అమ్మకాన్ని అమెరికాలో 2019లోనే ఆపించారు. అత్తకు ఆమె సొంత కణజాలంతోనే చేస్తామన్నారు. బరువులు మోస్తే మళ్లీ జారవచ్చు కాబట్టి గంప ఇక ఎత్తకూడదని గట్టిగా చెప్పారు.

ఇది రాయమన్నది అత్తే. ఆటోలో వస్తూ, ఇదే బాధ పడుతున్న మరో ఇద్దరి సంగతి చెప్పింది. సోమవారం వాళ్లనూ ఓపీకి తీసుకెళ్తున్నాను.