మూడో నంబరు దగ్గర మళ్లీ తడి

నాలుగోసారి విప్పి బిగించాను. స్టార్ట్ చేసిన పది నిమిషాలకి, ఇంజిన్‌కి డీజిల్ కొట్టే పంపు నెత్తిన, మూడో నంబరు డెలివరీ వాల్వ్ హోల్డర్ (సిలిండర్‌కి పోయే పైపు బిగించే మర ముక్క) చుట్టూ డీజిల్ మళ్లీ సన్నగా మెరిసింది. చేతిలోని గుడ్డ బానెట్ మీద పడేసి ఇంట్లోకి వెళ్లిపోయాను. అన్నం తిన్నాక గానీ తిరిగి దాని మొహం చూడబుద్ధి కాలేదు.

బండి 1998 మోడల్ టెంపో ట్రావెలర్, లోపల మంచం, సింకు పెట్టి ప్రయాణాలకి ఇల్లులా కట్టుకున్నది. మెర్సిడెస్ ఓఎం616 వంశం నాలుగు సిలిండర్ల ఇంజిన్, మైకో కంపెనీ వరస పంపు (ఒక్కో సిలిండర్‌కి డీజిల్ నెట్టే ఒక్కో ఎలిమెంటు వరసగా ఉండేది). మంచం బాగుంది, పై ఫ్యాన్ తిరుగుతోంది, సింకు కారడం ఆగింది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీది పాత హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టేది) తీసి కొత్తది వేశాను, ఆ గొడవ వదిలింది. మిగిలింది ఈ పంపు నెత్తిన కారే డీజిలే. ఇంజిన్ మూత సందుల్లోంచి వాసన లోపలికి వచ్చి పరుపుకి పట్టేస్తోంది. అమ్మకి ఆ వాసన అస్సలు పడదు. ఆవిణ్ణి తీసుకెళ్లడానికే ఈ బండి కట్టుకున్నాను, అందుకే ఇది వదిలేయలేను.

మొదట లీకు ఎక్కడుందో తేల్చడానికే రెండు ఆదివారాలు పోయాయి. డీజిల్ పైపుల వెంట పాకుతుంది కాబట్టి, తడి కనిపించిన చోటే కారుతోందని నమ్మలేం. ఇంజెక్టర్ల దగ్గర గుడ్డ అల్లిక ఉన్న రిటర్న్ పైపు మీదే నాకు మొదటి అనుమానం. అది మార్చాను. తేడా లేదు. అప్పుడు పంపు నెత్తంతా పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, టాల్కమ్ పౌడర్ చల్లి స్టార్ట్ చేశాను. నాలుగు హోల్డర్లలో ఒక్క మూడో దాని చుట్టే, నెలవంకలా, పౌడర్ నల్లబడింది. పైపు నట్టు పొడిగానే ఉంది. ఇంజిన్ ఆడడం కూడా నున్నగా ఉంది, ఒక సిలిండర్ తప్పుతున్న జాడ లేదు. అంటే లోపలి రాగి వాషర్ పట్టే ఉంది, పైన ఉండే రబ్బరు ఓ-రింగు దాటి గ్యాలరీలోని (పంపు లోపల డీజిల్ నిండి ఉండే దారి) డీజిల్ వస్తోందని లెక్క వేసుకున్నాను. ఇంజిన్ ఆయిల్ మట్టం పెరగలేదు, కాబట్టి డీజిల్ లోపలికి దిగడం లేదు.

కొలత కోసం నీళ్ల సీసా అడుగు కోసి పంపు కింద వేలాడదీశాను. అరగంట ఐడిల్‌లో నడిపి, పట్టిన డీజిల్‌ని 10 మి.లీ. సిరంజిలో లాగి చూడడం నా పద్ధతి. మొదటిసారి 14 మి.లీ. వచ్చింది. బజారులో దొరికిన కిట్ రింగులతో 9. మూడోసారి మళ్లీ రింగు, వాషర్ మార్చి టార్క్ రెంచితో బిగించాను: ముందు 30 న్యూటన్ మీటర్లు, వదులు చేసి మళ్లీ 30, మళ్లీ వదులు చేసి చివరికి 35. అప్పుడూ 9. ఈసారి వైటాన్ (డీజిల్‌కి తట్టుకునే రబ్బరు) రింగుతో 6. తగ్గుతోంది గానీ ఆగడం లేదు.

బండి ఆపితే చుక్క పడదు. ట్యాంకు పంపు కన్నా కింద ఉంది కదా, అప్పుడు బయటికి కారడానికి బదులు గాలి పీలుస్తుంది. ఫీడ్ పంపు ముందు ఒక పారదర్శకం పైపు ముక్క పెట్టి చూశాను, అక్కడ బుడగల్లేవు. పంపు నుంచి వెనక్కి వెళ్లే పైపులో మాత్రం పొద్దున్నే మొదటి అరనిమిషం ఆవగింజంత బుడగలు వరసగా పోతాయి. పొద్దున్నే బండి ఆలస్యంగా స్టార్ట్ అయ్యేది ఇందుకే.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి (పది లక్షల్లో పది పాళ్లు) దిగింది. అలా శుద్ధి చేసిన డీజిల్‌తో ఏళ్లనాటి నైట్రైల్ రబ్బరు రింగులు కుంచించుకుపోతాయని అంటారు. మొదటి లీకుకి అదే కారణం అయి ఉండొచ్చు. కొత్త రింగు వేశాక కూడా మూడో దాని దగ్గరే ఎందుకు?

దానికి జవాబు మా వీధి చివరి ముసలి మేస్త్రి ఇచ్చారు. జీవితమంతా లారీ పంపులు విప్పిన చెయ్యి. చూసి, "బిగిత్తే ఆగీది కాదు బాబూ ఇది. గూడు సూడు" అన్నారు. గూడంటే పంపులో హోల్డర్ దిగే రంధ్రం.

అందుకే ఈసారి ఒకటో హోల్డర్‌ని మూడుకి, మూడోది ఒకటికి మార్చాను. వాల్వు, సీటు జత మాత్రం ఎక్కడిది అక్కడే ఉంచాను, అది కలపకూడదు. లీకు ఒకటికి వెళ్తే తప్పు హోల్డర్‌ది. వెళ్లలేదు. మూడులోనే ఉండిపోయింది. మళ్లీ విప్పి, ఫోను లైటు వేసి, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం పెట్టి రింగు కూర్చునే గోడ చూశాను. గడియారంలో నాలుగు గంటల చోట వెంట్రుకంత గీత, పై అంచు నుంచి నిలువుగా కిందికి. గోరు ఆనిస్తే టిక్కున తగిలింది. ఎప్పుడో, ఎవరో, పాత రింగుని స్క్రూడ్రైవర్‌తో పెకలించారు. నెల రోజులుగా రింగులు మారుస్తున్నాను, గీత గోడలో ఉంది!

ఒక మాట గట్టిగా చెప్తాను. దీని మీద ఎంసీల్ పూయమనే సలహా నాకు నచ్చదు. మంచి సరుకే, సింకుకి నేనే వాడాను. ఇక్కడ మాత్రం డీజిల్ తడి మీద పట్టదు, రేపు విప్పేవాడికి నరకం. ఇంకో రెండు పట్లు బిగించెయ్యమనే సలహా అంతకన్నా చెడ్డది. అతిగా బిగిస్తే లోపల బ్యారెల్ (గొట్టం) వంగి, అందులో ఆడే ప్లంజరు పట్టేస్తుంది, డీజిల్ ఎంత పోవాలో మార్చే ర్యాక్ అనే కడ్డీ ఇరుక్కుంటే ఇంజిన్ మన మాట వినదు. నేను బిగించిన ప్రతిసారీ ర్యాక్ స్వేచ్ఛగా కదులుతోందో లేదో చూసుకునే స్టార్ట్ చేశాను. పైపు రెంచి అసలు వద్దు. హోల్డర్ పళ్లకి సరిపోయే సాకెట్ అరువు తెచ్చుకోండి. మామూలు పానాలకి నాకు టపారియా చాలు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. ఇప్పటిదానికన్నా 0.2 మి.మీ. లావైన రింగు వేసి చూడడం ఒకటి, గానీ దిగేటప్పుడు అంచుకి తెగుతుందేమోనని అనుమానం. రెండోది గీతని 1200 నంబరు నీళ్ల పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) సాఫు చేయడం. పంపు బండి మీద ఉండగా ఆ పని చేయను. ఆ పొడి ఒక్క రేణువు ఎలిమెంటులోకి దిగినా అంతే. లావు రింగు రేపు ప్రయత్నిస్తాను. ఆగకపోతే గుర్తులు పెట్టుకుని పంపు దింపి, విశాఖ ఆటోనగర్‌లో టెస్ట్ బెంచి మీద పెట్టిస్తాను. ఎలాగూ దింపాక నాలుగు ఎలిమెంట్లకీ కాలిబ్రేషన్ (డీజిల్ సమంగా కొడుతున్నాయో లేదో) చూపించేస్తాను.

ఆరు మి.లీ. లీకుతోనే నిన్న రామతీర్థం దాకా వెళ్లొచ్చాను. పంపు ఎడమవైపు, ఎగ్జాస్ట్ కుడివైపు కాబట్టి నిప్పు భయం తక్కువ. అయినా ఇంజిన్ మౌంటు రబ్బరు నానకుండా కింద రేకు పెట్టాను. దూరం మాత్రం పోను. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో వలస పక్షులు మార్చి దాకా ఉంటాయి. పంపు సంక్రాంతి లోపు పొడిగా ఉంటే అమ్మని అక్కడికి, అక్కణ్ణుంచి బారువ తీరానికి తీసుకెళ్లాలని ఉంది. పరుపు గవుసు ఉతికి దండెం మీద వేశాను, వాసన ఇంకా పూర్తిగా పోలేదు.