చంద్రగిరి బీళ్లలో గవ్వతో నడక

మా నాటు కుక్క గవ్వను ఆదివారం తెల్లవారాక తిరుపతి నుంచి చంద్రగిరి వైపు, గుట్టల కింద ఉన్న బీళ్లకు నడకకు తీసుకువెళ్లడం నాలుగేళ్లుగా అలవాటు. తంగేడు, బందారు, కలే పొదలు, వాటి మధ్య బండలు, మేకలు నడిచి నడిచి పడిన సన్నటి దారులు తప్ప అక్కడ మరేమీ లేనట్టే కనిపిస్తుంది. ఆ నమ్మకంతోనే మొదటి ఏడాది బీడు చేరగానే గొలుసు విప్పేసేవాణ్ణి.

ఒకనాడు అది మేకల మందలోకి దూసుకుపోయింది. ఒక్క మేకనూ కరవలేదు, నా కేక విని కాసేపటికి తిరిగి వచ్చింది కూడా. అది ఏమీ చేయదని, ఆటకే తరిమిందని కాపరికి సర్దిచెప్పబోయాను. ఆ పెద్దాయన కోప్పడలేదు. “కరవకపోయినా తరిమితే చాలు సామీ, చూడి మేక ఈసుకపోతాది” (కడుపులో పిల్ల పోతుంది) అని మాత్రం అని మందను మళ్లించుకున్నాడు. అది ఆట అని నాకు తెలుసు గానీ, వెనుక కుక్క తరుముతున్న మేకకు తెలిసే దారి లేదని అప్పుడు తట్టింది. ఆ రోజు నుంచి గవ్వ మెడకు రెండు మీటర్ల తాడు, దాని రెండో కొస నా చేతిలో.

మేకలకైనా కాపరి ఉన్నాడు. నేల మీద గుడ్లు పెట్టే పక్షుల తరఫున మాట్లాడేవారు లేరు. తీతువు పిట్ట గూడు కట్టదు, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది, అవి రాళ్ల రంగులోనే కలిసిపోతాయి కనుక అడుగు దూరంలో ఉన్నా మనకు కనబడవు. మార్చి నుంచి ఆగస్టు దాకా ఇవి పొదిగే కాలం, అందులో సగం మన ఎండాకాలమే. తల్లి పక్షి పొట్ట ఈకలను నీటిలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుందంటే ఆ నేల ఎంత కాలుతుందో ఊహించవచ్చు. కుక్క భయానికి అది లేచిపోతే గుడ్లు ఆ ఎండకే వదిలేసినట్టు. అందుకే తీతువు అరుస్తూ తలపైకి దూకుతూ ఉంటే నేను వచ్చిన దారినే వెనుదిరుగుతాను.

అసలైన అడవి సంగతి వేరు. శేషాచలం కొండల్లో 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోకి, తలకోనతో సహా, గవ్వను తీసుకువెళ్లను. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపిన తరువాత కొండ అంచున కుక్కతో తిరగడం దాన్ని పిలవడమేనని నా అభిప్రాయం, అందువల్ల మసక వెలుతురులో బీడుకు కూడా వెళ్లను. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం దగ్గర ఉండేవారికి ఏనుగుల బెడద ఇంకా పెద్దది: విడిచిన కుక్క ఏనుగును మొరిగి రెచ్చగొట్టి, ప్రాణభయంతో పరుగెత్తుకు వచ్చేది యజమాని కాళ్ల దగ్గరికే. పొలాల అంచున అడవి పందుల కోసం పెట్టే ఉచ్చులు, కరెంటు తీగలు, కొవ్వులో చుట్టిన నాటు బాంబులు మరో ప్రమాదం. వాసన పట్టి కొరికే కుక్కకు అది పందికి పెట్టిన ఎర అని ఎవరు చెబుతారు?

మన కుక్క నుంచి అడవికి పోయే కీడు కూడా ఉంది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాలు డిస్టెంపర్ వైరస్ సోకి చనిపోయాయి. కుక్కల్లో తరచూ కనబడే జబ్బే అది. రేబిస్‌తో పాటు డిస్టెంపర్ టీకా కూడా సమయానికి వేయించిన తరువాతే బీడుకు తీసుకువెళ్లడం మంచిది. గవ్వ మలాన్ని నేను సంచిలోకి ఎత్తుకుంటే, బీడులో కూడానా అని తోటి నడకవారు నవ్వుతారు. కానీ అందులోని నులిపురుగుల గుడ్లు నేలలో నెలల తరబడి బతుకుతాయి, ఆ నేల మీదే మేకలు మేస్తాయి, పిల్లలు రేగుపళ్లు ఏరుకుంటారు.

వేసవిలో అరచేతి వెనుక భాగాన్ని బండకు ఆనించి చూస్తాను. ఆనించలేనంత వేడిగా ఉంటే గవ్వ పాదాలకూ అంతే కనుక తిరుగుముఖం పడతాము. నీళ్లు ఇంటి నుంచే తెస్తాను, కుంటల్లో తాగనివ్వను. ఇంటికి రాగానే వేళ్ల మధ్య పల్లేరు ముళ్లు, బొచ్చులో ఉత్తరేణి గింజలు, చెవుల లోపల, చంకల్లో గోమార్లు (రక్తం పీల్చే పురుగులు) వెతకడం నా వంతు. గోమార్లను పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా నేరుగా లాగాలి. మొన్న ఆదివారం ఎడమ చెవిలో మూడు దొరికాయి.