గొట్టాలు రెండూ వేడే, రేడియేటర్ మాత్రం సగమే

ముందు గది రేడియేటర్, అంటే బాయిలర్ కాచిన వేడి నీళ్ళు లోపల తిరిగి గదిని వెచ్చబెట్టే గోడ ప్యానెల్, ఇంకా ఏడిపిస్తూనే ఉంది. వాల్వ్ ఉన్న వైపు చెయ్యి పెట్టలేం, అవతలి చివర పిల్లి కూడా పడుకోదు. మిగతావన్నీ దారికొచ్చాయి: చిన్న బెడ్‌రూమ్‌లో ఇరుక్కుపోయిన టీఆర్‌వీ (గది వేడిని బట్టి నీళ్ళు తగ్గించే వాల్వ్) పిన్ను కాస్త నూనె వేసి ఆడిస్తే కదిలింది, బాత్రూమ్ టవల్ రైల్‌కి బ్లీడ్ చేస్తే, అంటే లోపలి గాలి వదిలేస్తే చాలింది, గొట్టాల్లో నీటి ప్రెషర్ సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు 1.3 బార్ దగ్గర కదలకుండా ఉంది. ఇదొక్కటే మొండికేసింది.

మాది ఇంగ్లాండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో డెబ్బైల చివర్లో కట్టిన ఇల్లు, లోపలంతా మైక్రోబోర్, అంటే సన్న గొట్టాల ఏర్పాటు. నేల కింద మానిఫోల్డ్ (గొట్టాలు చీలే కూడలి) నుంచి ఒక్కో రేడియేటర్‌కీ 8 మిల్లీమీటర్ల రాగి గొట్టాలు రెండేసి వస్తాయి. దాని లోపలి వ్యాసం 6.8 మిల్లీమీటర్లే. మామూలు 15 మిల్లీమీటర్ల గొట్టానికి లోపల 13.6 ఉంటుంది, అంటే మా ఇంట్లో నీళ్ళు పోయే దారి అందులో నాలుగో వంతు. అందుకే ఎవర్ని అడిగినా ముందు చెప్పే మాట "మడ్డి పట్టేసింది" అనే.

సరే, మడ్డే అనుకుని రేడియేటర్ విప్పి పెరట్లోకి మోశాను. 1200 బై 600 డబుల్ ప్యానెల్, నీళ్ళతో కలిపి ఎత్తితే నడుం పట్టేస్తుంది, ఇంకో మనిషి సాయం లేకుండా దాని జోలికి పోవద్దు. హోస్ పెట్టి, రబ్బరు సుత్తితో కొడుతూ కడిగితే మొదట తారులా నల్లటి నీళ్ళొచ్చాయి, కాసేపటికి తేటపడ్డాయి. బకెట్‌లో ప్లాస్టిక్ కవర్ చుట్టిన అయస్కాంతం ముంచితే నల్లటి పొడి దట్టంగా అంటుకుంది. అది ఇనుము తుప్పే, మాగ్నటైట్. తిరిగి బిగించి, నీళ్ళు నింపి, తుప్పు పట్టకుండా ఆపే మందు, ఇన్హిబిటర్ పోశాను. ఫెర్నాక్స్ ఎఫ్1 మంచిదా, సెంటినెల్ ఎక్స్100 మంచిదా అని కొట్టుకునేవాళ్ళున్నారు గానీ నాకు రెండూ ఒకటే, ఏది తక్కువకి దొరికితే అది. ఇంత చేసినా రేడియేటర్ సగమే కాలింది. నాన్న దాని పక్కనే శాలువా కప్పుకుని కూర్చుని "ఏరా, అంత కడిగావు, ఏం లాభం?" అన్నారు. సమాధానం లేదు.

ఇక ఊహలు ఆపి కొలతలు తీశాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే రాగి మీద, ఇత్తడి మీద తప్పు చెప్తుంది, అందుకని కొలిచే ప్రతిచోటా నల్ల ఇన్సులేషన్ టేపు అంటించాను. బాయిలర్ ఫ్లో (బాయిలర్ నుంచి బయల్దేరే నీళ్ళ వేడి) 65 డిగ్రీలు పెట్టి గంటసేపు నడిపాక ఈ రేడియేటర్‌కి వచ్చే గొట్టం 62, పోయే గొట్టం 59. ప్యానెల్ మీద వాల్వ్ వైపు 57, నడుమ 38, అవతలి చివర 23. గదిలో పదిహేడున్నర. సరిగ్గా పనిచేసే బెడ్‌రూమ్ రేడియేటర్‌లో అవే గొట్టాలు 63, 47. ఇక్కడే నాకు బుర్ర తిరిగింది. దారి మూసుకుపోతే పోయే గొట్టం చల్లగా ఉండాలి కదా? ఇక్కడ నీళ్ళు ధారాళంగా వస్తున్నాయి, మూడు డిగ్రీలు కూడా సరిగ్గా వదలకుండా వెళ్ళిపోతున్నాయి. మిగతా రేడియేటర్లన్నీ కట్టేసి నీళ్ళన్నీ ఇటే తోలితే చివర 23 కాస్తా 27 అయింది, అంతే. వాల్వ్ సన్నం చేస్తే రిటర్న్ (పోయే గొట్టం) చల్లబడింది గానీ అవతలి చివర ఒక్క డిగ్రీ పెరగలేదు.

మా వాల్వులు ట్విన్ ఎంట్రీ రకం. గొట్టాలు రెండూ ఒకే వైపు ఒకే వాల్వ్‌లోకి వస్తాయి, అందులోంచి ఒక సన్న గొట్టం రేడియేటర్ లోపలికి చొచ్చుకెళ్ళి వేడి నీళ్ళని దూరంగా వదలాలి. అది విరిగితే నీళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాయి, కొలతలు చెప్తున్నదీ అదే. ఫోన్‌కి తగిలించే చవక కెమెరా ఒకటి లోపలికి దూర్చి చూస్తే గొట్టం అర అంగుళం మొండిగా మిగిలింది, తెగిన అంచు పచ్చబడి పెళుసుగా ఉంది. మిగతా ముక్క రేడియేటర్ అడుగున పడుంది, ఊపితే గలగలమంటుంది.

కొత్త ట్విన్ ఎంట్రీ వాల్వ్ తెచ్చి దాని లోపలి గొట్టం మాత్రం వాడుకుందామనుకున్నాను. కుదరలేదు, మరలు వేరు, పొడవు వేరు. అసలు ఈ ట్విన్ ఎంట్రీ అన్నది గొట్టం ఖర్చు మిగుల్చుకోవడానికి తప్ప ఇంట్లో ఉండేవాళ్ళకి ఎందుకూ పనికిరాని ఏర్పాటు అని నా అభిప్రాయం. ఇప్పుడు దాన్ని పూర్తిగా తీసేసి ఇటువైపు మామూలు టీఆర్‌వీ, అవతలి చివర లాక్‌షీల్డ్ (ప్రవాహం ఒకసారి సరిచేసి వదిలేసే వాల్వ్) పెడతాను. రిటర్న్‌కి స్కర్టింగ్ (గోడ అడుగు పట్టీ) వెంబడి 10 మిల్లీమీటర్ల గొట్టం ఓ మీటరున్నర, వాల్వుల్లోకి సైజు కలిపే రిడ్యూసర్లు. నొక్కితే బిగిసే పుష్‌ఫిట్ కీళ్ళు కాదు, నట్టు బిగించే కంప్రెషనే. కనపడే చోట ప్లాస్టిక్ కీళ్ళు నాకు నచ్చవు.

పెద్ద పని మాత్రం ఏప్రిల్‌లోనే, ఈ చలిలో సిస్టమ్ అంతా ఖాళీ చేస్తే ఇంట్లో నన్ను బతకనివ్వరు. ఆ తర్వాత బాయిలర్ దగ్గర ఆ నల్లటి పొడిని పట్టే మాగ్నెటిక్ ఫిల్టర్ ఒకటి, ఫ్లో 55కి దించి కొన్నాళ్ళు చూడటం. బాయిలర్ బదులు బయటి నుంచి వేడిని లాగి నీళ్ళు కాచే హీట్ పంప్‌కి ఇంగ్లాండ్, వేల్స్‌లలో 7,500 పౌండ్ల గ్రాంట్ ఇస్తున్నారు, మనసు లాగుతోంది. కానీ వచ్చే నీళ్ళకీ పోయే నీళ్ళకీ మధ్య బాయిలర్‌లా పదిహేను డిగ్రీల తేడాతో కాకుండా అది ఐదు డిగ్రీలతో నడుస్తుంది, అదే వేడి అందాలంటే మూడింతల నీళ్ళు తిరగాలి. ఈ రేడియేటర్‌కి 2 కిలోవాట్లు అనుకుంటే ఇప్పుడు నిమిషానికి రెండు లీటర్ల లోపు చాలు, అప్పుడు దాదాపు ఆరు కావాలి. 6.8 మిల్లీమీటర్ల దారిలో ఆరు లీటర్లంటే రాత్రంతా హోరే. గొట్టాలు మార్చకుండా ఆ ఆలోచన దండగ.

ముందు తేల్చుకోవాల్సింది లాక్‌షీల్డ్ పెట్టాల్సిన అవతలి చివర రంధ్రాన్ని మూసిన బిరడా, బ్లాంకింగ్ ప్లగ్ సంగతి. నలభై ఏళ్ళుగా ఎవరూ తిప్పినట్టు లేదు, మీద మూడు పొరల పెయింటుంది. శనివారం వాల్వ్ కట్టేసి, నీళ్ళు దింపి, పెయింటు గీకి చూస్తాను, అది రాకపోతే రేడియేటరే కొత్తది కొనాలి.