ఉద్యోగం పోయాక వచ్చే పైసల్లో ఈఎంఐ ముందా, ఇల్లు ముందా

కంపెనీ మూతపడో, మనుషులను తగ్గించుకునో ఉద్యోగం పోతే ఈఎస్ఐ (జీతంలోంచి చందా కట్ అయ్యే కార్మికుల బీమా) నుంచి కొంత సాయం వస్తుందని మా జడ్చర్ల, బాలానగర్ వైపు పనిచేసే చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలిసి, అప్లై చేసి, ఎదురుచూసి తెచ్చుకున్నవాళ్లకేమో ఆ పైసలు ఖాతాలో పడ్డ పూటే ఈఎంఐ కింద పోతున్నాయి. నాకూ అట్లే జరిగింది. అదే కష్టంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ సాయం గురించి. పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, 2018 జులైలో మొదలైంది. రెండేళ్లు ఈఎస్ఐలో ఉండి, వాళ్లు అడిగినన్ని రోజుల చందా కట్టి ఉంటే, పని పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ వేసుకోవచ్చు. సగటు రోజుకూలిలో సగం, ఎక్కువలో ఎక్కువ 90 రోజులకు ఇస్తారు, అది కూడా జీవితంలో ఒక్కసారే. మనంతట మనం మానేస్తే రాదు, తప్పు చేశారని తీసేసినా రాదు. నేను చేసింది ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, జీతం పదహారు వేల దాకా వచ్చేది. అంటే సాయం నెలకు ఎనిమిది వేలు.

ఆ ఎనిమిది వేలు పడ్డట్టు మెసేజ్ వచ్చింది. దాని వెనకే ఇంకో మెసేజ్: ₹6,150 డెబిట్. అమ్మ ఆపరేషన్‌కు తీసుకున్న పర్సనల్ లోన్ కిస్తీ అది. ఆ వెనకే ₹590, పోయిన నెల ఖాతాలో పైసలు లేక కిస్తీ వెనక్కి పోయినందుకు బౌన్స్ చార్జీ ఐదు వందలు, దాని మీద జీఎస్టీ తొంభై. చివరికి మిగిలింది ₹1,260. ఇంటి కిరాయే మూడున్నర వేలు. కిరాణం కొట్టులో ఉద్దెర అప్పటికే పేజీ నిండింది, గ్యాస్ బండ రేపో మాపో అయిపోయేలా ఉంది. అప్పు నాదే, కట్టాల్సింది నేనే, అందులో రెండో మాట లేదు. కానీ పని లేని మనిషి ఇంట్లో పొయ్యి వెలగడానికి సర్కారు ఇచ్చిన పైసల్లో మూడొంతులకు పైగా ఇంట్లోకి బియ్యం రాకముందే పోవడం అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పాలమూరు లేబర్ అని మా జిల్లాకు దేశమంతా పేరుంది కదా. మా తాత తరం గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని డ్యాములు, కాలువల పనులకు వలసపోయింది. ఆ అడ్వాన్స్, దాని మిత్తి కూలిలోంచి కోసుకునేవాళ్లు, అది వెట్టి, ఎంతోమందిని ముంచింది, 1976లో వెట్టి చాకిరిని రద్దు చేస్తూ చట్టమే తెచ్చారు. అంతటి దుర్మార్గపు లెక్కలో కూడా తిండి ఖర్చులని కొంత పక్కకు తీసి ఇచ్చేవాళ్లు, మనిషి తింటేనే కదా పనిచేసేది. ఇప్పుడు ఖాతాలోంచి కోసుకునే లెక్కలో ఆ తిండి ఖర్చనే గడి కూడా లేదు.

చట్టం ఏమంటుందో చూస్తే, ఈఎస్ఐ కింద వచ్చే నగదు సాయాన్ని కోర్టు డిక్రీతో కూడా జప్తు చేయడానికి లేదు. కానీ పైసలు మన ఖాతాలోకి వచ్చాక కట్ అయ్యేది జప్తు కింద కాదు, లోన్ తీసుకున్న రోజు మనం సంతకం పెట్టిన మాండేట్ కింద, అంటే కిస్తీని నేరుగా ఖాతాలోంచి తీసుకోమని రాసిచ్చిన కాగితం కింద. అది మనమిచ్చిన అనుమతే అంటారు. రైతుబంధు పైసలను పాత బాకీల కింద పట్టుకోవద్దని అప్పట్లో ప్రభుత్వమే బ్యాంకులకు చెప్పాల్సి వచ్చింది. పని పోయినవాడి సాయం గురించి కూడా అట్లాంటి మాట ఒకటి గట్టిగా చెప్పాలి.

అది చెప్పేలోపు మనం చేసుకోగలిగింది కొంత ఉంది. క్లెయిమ్ వేసేటప్పుడే ఖాతా నంబర్ అడుగుతారు, అక్కడే జాగ్రత్తపడాలి. మనకు ఏ అప్పూ లేని బ్యాంకులో, ఏ మాండేటూ లేని ఖాతా ఇవ్వాలి. అప్పున్న బ్యాంకులోనే ఖాతా ఉంటే వాళ్లు ఆపి పట్టుకునే వీలుంటుంది. జన్‌ధన్ లాంటి జీరో బ్యాలెన్స్ ఖాతా అయితే మినిమమ్ బ్యాలెన్స్ టెన్షన్ కూడా ఉండదు. మిగిలిన నెలల సాయం కొత్త ఖాతాలోకి వచ్చేలా నేను మార్పించుకున్నాను.

అట్లాగని పాత ఖాతా ఖాళీ చేసి ఫోన్ స్విచాఫ్ పెట్టుకుంటే ఇంకో చిక్కు. చెక్ బౌన్స్ లాగే, మాండేట్ వెనక్కి పోవడం కూడా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద కేసయ్యే అవకాశం ఉంది. నోటీసు ముట్టిన 15 రోజుల్లో కట్టాలి, కాబట్టి నోటీసు వస్తే పక్కన పడేయొద్దు. అంతకంటే ముందే అప్పిచ్చినవాళ్లకు కాగితం మీద రాసివ్వాలి: ఉద్యోగం ఫలానా తేదీన పోయింది, ఇంటికి వచ్చేది ఇంత, నెలకు ఇంత కట్టగలను, కాలం పెంచండి, మాండేట్ మొత్తం ఆ మేరకు తగ్గించండి. కంపెనీ ఇచ్చిన లెటర్ జిరాక్స్ జత చేసి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోవాలి. నోటితో చెబితే ఆ కౌంటర్ దగ్గరే పోతుంది. మొదట నాకూ "సిస్టమ్‌లో అట్లాంటిది లేదు సార్" అనే చెప్పారు. స్టాంపు వేయించుకున్న కాగితం పట్టుకుని వాళ్ల ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాకే మేనేజర్ కూర్చోబెట్టి మాట్లాడాడు.

ఫోన్‌లో రెండు నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్‌లు ఈ సమయంలోనే తెగ మెసేజ్‌లు పెడతాయి. కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు చేయొద్దని మా ఆవిడ ఖరాఖండిగా చెప్పింది. తన పుస్తెలతాడు గిర్వి పెడదామన్న మాట కూడా ఇంట్లో వచ్చింది, మా అమ్మే ఆపింది. మహిళా సంఘం అప్పు విషయంలో మాత్రం, మా ఆవిడ ఇంటి పరిస్థితి మీటింగ్‌లో చెబితే, రెండు నెలలు మిత్తి మాత్రమే కట్టమన్నారు. అక్కడ కూడా బాకీ బాకీయే, కానీ కూర్చుని అడిగే మనుషులున్నారు.

రికవరీ వాళ్ల ఫోన్లు నాకూ వచ్చాయి. ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని ఆర్బీఐ నిబంధన. ఆ మాట చెబుతూ, "అన్నా, ఏదున్నా పగలు మాట్లాడుదాం, నేను రాసిచ్చిన కాగితం మీ ఆఫీసులో ఉంది" అన్నాక రాత్రి ఫోన్లు ఆగాయి. ఆలస్యానికి వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ మిత్తి వేయకూడదని కూడా 2023 ఆగస్టులో ఆర్బీఐ ఆదేశమిచ్చింది, స్టేట్‌మెంట్ తెప్పించుకుని ఆ లైన్ ఒక్కటి చూసుకోండి. రాసిచ్చిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎట్లా చేయాలో చెబుతారు.

నాకు చివరికి కుదిరింది మూడు నెలలు సగం కిస్తీ, తగ్గిన మేరకు చివర్లో కొన్ని నెలలు పెంపు. మొత్తం మీద మిత్తి ఎక్కువే పడుతుంది, దానికి ఒప్పుకునే సంతకం పెట్టాను. రెండో నెల సాయం కొత్త ఖాతాలో పడ్డాక ముందు కిరాయి కట్టి, గ్యాస్ బండ తెచ్చి, కొట్టులో ఉద్దెర కొంత తీర్చి, ఆ తర్వాత సగం కిస్తీ నేనే వెళ్లి కట్టి రసీదు తెచ్చుకున్నాను.