రెండుకూ మూడుకూ మధ్య

2019 మార్చిలో ఒక రాత్రి, పడుకున్న గంటకల్లా గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడంతో లేచి కూర్చున్నాను. దడ నాకు కొత్త కాదు. పదేళ్ల వయసులో కీళ్ల నొప్పులతో వచ్చిన జ్వరం గుండెలోని మైట్రల్ కవాటాన్ని పాడుచేసి పోయిందని రెండో కాన్పు సమయంలో ఆయాసం వచ్చినప్పుడు తెలిసింది; 2004లో తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి, ఇరుకైన ఆ కవాటాన్ని వెడల్పు చేశారు. అయితే ఆ రాత్రి వచ్చినది మునుపటి దడ కాదు. మణికట్టు పట్టుకుని చూస్తే రెండు దెబ్బలు వెంటవెంటనే పడి, మూడోది ఎంతకీ రాక, ఆ తర్వాత నాలుగు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మర్నాడు గుంటూరులో ఈసీజీ తీశారు. ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని కనుక, బెల్టు వదులైన మిషన్ మీద కుట్టు ఎలా పడుతుందో నాకు తెలుసు. ఆ కాగితం మీది గీతలు అచ్చం అలాగే ఉన్నాయి, ఏ రెండింటి మధ్యా ఎడం ఒక్కటిగా లేదు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టిన డాక్టరుగారు నిమిషానికి 138 అన్నారు, మణికట్టు పట్టుకున్న నర్సు 112 అన్నది. గుండె నిండకముందే కొట్టుకున్న దెబ్బలు చేతిదాకా అందవని, ఆ తేడా అందుకేనని చెప్పారు. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారనీ, పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతుంటాయనీ, ఎడమ పైగదికి సంచిలా ఉండే ఒక మూలలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుందనీ వివరించారు. కవాటం మూలంగా నా పైగది అప్పటికే బాగా సాగిపోయింది కనుక, షాకు ఇచ్చి లయను సరిచేసినా అది నిలిచే అవకాశం తక్కువనీ, వేగం తగ్గించి, గడ్డకట్టకుండా చూసుకుంటే చాలనీ అన్నారు. ఆ ‘చాలు’ అన్న మాట మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది.

వేగానికి మెటోప్రొలాల్, డిగాక్సిన్ రాశారు. ఒంట్లో పేరుకుపోకుండా డిగాక్సిన్‌ను శని, ఆదివారాలు మానమన్నారు. రెండు వారాలలో నాడి 80 దగ్గరికి దిగింది, క్రమం మాత్రం రాలేదు. ఇక మూడోది అసిట్రోమ్, రక్తం పలచబడే మాత్ర. దీని లెక్క, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం తీసుకుంటున్నదో చూపే ఐఎన్ఆర్ అనే పరీక్షతో తేలుతుంది. నాకది రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం.

ఆకుకూరలలో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుందని విని, భయంతో గోంగూర నుంచి కరివేపాకు దాకా అన్నీ మానేశాను. దానికి తగ్గట్టుగా మోతాదు కుదిరింది. ఇంతలో ఆషాఢం వచ్చింది, ఇంట్లో మునగాకు వండారు. “ఆకులో ఏముంటుందక్కా, నాలుగు ముద్దలు తిను” అన్నది మా తోటికోడలు. నాలుగు ముద్దలతో ఆగలేదు, వారమంతా తిన్నాను. ఐఎన్ఆర్ 1.4కు పడిపోయింది. డాక్టరుగారు కోప్పడింది మునగాకు తిన్నందుకు కాదు, అంతకుముందు అన్నీ మానేసినందుకు. మానడం కాదు, ఏ వారానికావారం ఒకే పాటి తినడం ముఖ్యమట. అప్పటినుంచి సోమ, గురువారాలు ఒక గిన్నెడు ఆకుకూర, అదే గిన్నె.

అంతకంటే పెద్ద తప్పు 2021లో జరిగింది. పన్ను నొప్పికి తట్టుకోలేక, ఒక మందుల దుకాణంలో అడిగితే నొప్పి మాత్రతో పాటు మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ ఇచ్చారు. నేను వాడే మందు సంగతి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగో రోజు తలగడ మీద ఎర్రటి మరక కనిపించింది. చిగుళ్ల నుంచి కారుతున్నది. మోచేయి తగిలిన చోటల్లా కమిలిపోయింది. ఐఎన్ఆర్ 7.2. మెట్రోనిడజోల్ అసిట్రోమ్ బలాన్ని పెంచుతుందని, నొప్పి మాత్ర దానికి తోడై రక్తస్రావాన్ని ఎక్కువ చేస్తుందని ఆసుపత్రికి వెళ్లాకే తెలిసింది. అసిట్రోమ్ ఆపి, ఒక రాత్రి అక్కడే ఉంచి, విరుగుడుగా విటమిన్ కె ఇచ్చారు. ఆషాఢంలో నాకు కీడు చేసినదే ఆ రాత్రి మందుగా వచ్చింది.

రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి కదా అని హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి పట్టుబట్టాడు. అవి చాలామందికి మంచివే కానీ, నాలాగా రుమాటిక్ జ్వరంతో కవాటం ఇరుకైనవారికి పాత మందే మేలని డాక్టరుగారు చెప్పారు. అటువంటి రోగులలో రివరోక్సబాన్ అనే కొత్త మాత్రను పాత మందులతో పోల్చిన ఇన్విక్టస్ అనే అధ్యయనం 2022లో వెలువడింది. పాత మందు వాడినవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. అది విన్నాక మా అబ్బాయి వాదన మాని, నా ఫోనులో రాత్రి ఎనిమిదికి అలారం పెట్టి వెళ్లాడు.

ఇప్పుడు నెలకొకసారి పరీక్ష. వారంలో ఐదు రోజులు రెండు మిల్లీగ్రాములు, రెండు రోజులు మూడు. క్యాలెండరులో ఆ రెండు రోజులకు ఎర్ర సిరాతో సున్నా చుడతాను. మిషన్ మానలేదు. సూది గుచ్చుకుంటే వేలిని గుడ్డముక్కతో అదిమి, గోడ గడియారంలో అయిదు నిమిషాలు చూసి, మళ్లీ కుట్టు మొదలుపెడతాను. మొన్నటి ఐఎన్ఆర్ 2.6. నాడి 76, ఎప్పటిలాగే ఎగుడుదిగుడుగా.