సైకిల్ మీదికి లోపల ఏ బనియన్?

కొండ ఎక్కి, పైన జిప్పు మెడదాకా లాక్కుని, దిగడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే ఛాతీ మీద తడిగుడ్డ పరిచినట్టు అనిపిస్తే చాలామంది జాకెట్‌ని తప్పుపడతారు. ఇంకా మందమైనది కొంటారు. అది వేసుకుని ఎక్కితే చెమట ఇంకా ఎక్కువ పోస్తుంది, దిగేటప్పుడు చలి ఇంకా ఎక్కువేస్తుంది. అసలు లోపం దాని కింద, ఒంటిని అంటిపెట్టుకున్న పొరలో ఉంది. బేస్ లేయర్ అని పిలిచే ఆ బనియన్ ఎంత వెచ్చగా ఉందో చూసి కొనకండి. ఎక్కడం అయిపోయి చెమట ఆగే సమయానికి అందులో ఎన్ని నీళ్లు మిగులుతాయో చూసి కొనండి.

లెక్క ఇది. పెడళ్ల మీద 200 వాట్లు పెట్టి తొక్కే మనిషి ఒంట్లో 600 నుంచి 800 వాట్ల వేడి పుడుతుంది. ఎందుకంటే ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో పెడళ్లకు చేరేది 20–25 శాతమే. మిగతా వేడిని వదిలించుకోవడానికే చెమట. లీటరు చెమట ఒంటి మీదే ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కారి నేల మీద పడిన చెమటతో అంత మేలు లేదు. ఎక్కేటప్పుడు ఇదంతా మనకు కావలసిందే. దిగుడు రాగానే కాళ్లు ఆగుతాయి, పుట్టే వేడి నూరు వాట్ల చిల్లరకు పడిపోతుంది, ఎదురుగాలి రెండు మూడింతలవుతుంది. బనియన్‌లో నీళ్లు మాత్రం ఆరుతూనే ఉంటాయి. 100 గ్రాములు మిగిలాయనుకోండి. అవి ఆరడానికి కావలసిన వేడి, ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు 40 నిమిషాల్లో పుట్టించే వేడంత. అందులో చాలాభాగం మీ ఒంట్లోంచే పోతుంది.

కాబట్టి అట్టపెట్టె మీద రాసిన మాటలకన్నా గ్రాముల్లో తూచే చిన్న కాటా ఎక్కువ నిజం చెబుతుంది. పొడి బనియన్‌ని తూచండి. అయిదు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, ఇక చుక్క రాలనంతవరకు చేత్తో పిండి మళ్లీ తూచండి. ఆ తేడాయే అది పట్టి ఉంచే నీరు. తరువాత ఫ్యాన్ కింద 20 నిమిషాలు వేలాడదీసి మూడోసారి తూచండి. ఉన్న బనియన్లన్నిటినీ ఒకే చేత్తో, ఒకేలా పిండి చూస్తే, ఏది ఎండాకాలానికి, ఏది చలిలో నెమ్మదిగా తొక్కే రోజుకు పనికొస్తుందో తేలిపోతుంది. మామూలు కాటన్ టీషర్టును కూడా పక్కన పెట్టి తూచండి. కాటన్ ఎందుకు వద్దంటారో ఆ అంకెలే చెబుతాయి.

ఏ పోగు నీళ్లతో ఎలా ఉంటుంది

ఓ మోస్తరు తేమ ఉన్న గాలిలో ఊరికే ఉంచితే, పత్తి తన బరువులో 7–8 శాతం తేమ పీల్చుకుంటుంది. ఉన్ని 16 శాతం దాకా పీలుస్తుంది. నైలాన్ 4, పాలియెస్టర్ 0.4, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగు దాదాపు సున్నా. ఇక్కడే ఒక అనుమానం వస్తుంది: పత్తికన్నా ఉన్నే ఎక్కువ పీలుస్తుంటే, పత్తి వద్దని ఉన్ని మంచిదని ఎందుకంటారు?

ఉన్ని పీల్చేది ఎక్కువగా ఆవిరి రూపంలో ఉన్న తేమను, అదీ పోగు లోపలికి. పోగు పైన పొలుసుల్లాంటి పొర ద్రవంగా ఉన్న నీటిని వెంటనే అంటనివ్వదు. అందుకే సగం తడిసినా చర్మానికి పొడిగానే తోస్తుంది. పోగులు వంకీలు తిరిగి ఉంటాయి కాబట్టి తడిసినా అణిగిపోవు, మధ్యలో గాలి మిగులుతుంది. పైగా తేమ పీల్చేటప్పుడు ఉన్ని కొద్దిగా వేడి విడుదల చేస్తుంది. పత్తి అలా కాదు. తడవగానే మెత్తబడి ఒంటికి అతుక్కుంటుంది, గాలి ఉండాల్సిన సందులన్నీ నీటితో నిండిపోతాయి. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది.

పాలియెస్టర్ పోగు నీటిని తాగదు. పోగుకీ పోగుకీ మధ్య సన్నటి సందుల్లోంచి నీరు పాకి, వెడల్పుగా పరుచుకుని త్వరగా ఆరుతుంది. గట్టిగా తొక్కేవాళ్లకు, గంటకు లీటరు చెమట పోసేవాళ్లకు ఇదే సరైనది. దీని లోపం వాసన. పోగుకు ఒంటి జిడ్డు అంటుకుంటే మామూలు ఉతుకుతో పోదు. పాలీప్రొపిలీన్ ఇంకా తేలిక, ఇంకా త్వరగా ఆరుతుంది. కాకపోతే అది నీటిని తనలో ఉంచుకోదు కనుక, పైనున్న జెర్సీ ఆ నీటిని లాక్కోవాలి. పైన కాటన్ చొక్కా వేసుకుంటే దాని గొప్పంతా వృథా. ఇస్త్రీ పెట్టె దగ్గరకు దాన్ని తీసుకెళ్లకండి, 165 డిగ్రీల ప్రాంతంలో కరిగిపోతుంది.

ఉన్నిలో మెరినోనే, అంటే మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్నినే తీసుకోండి. పోగు మందం 18.5 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ అయితే గుచ్చుకోదు. నూరు శాతం మెరినో పలచటి బనియన్లు చంకల దగ్గర, సంచి పట్టీ ఒరుసుకునే చోట త్వరగా చిల్లులు పడతాయి. నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ కలిసిన మెరినో ఎక్కువ కాలం మన్నుతుంది, త్వరగా ఆరుతుంది. సైకిల్ కోసమైతే నా ఓటు దానికే.

వల బనియన్ సంగతి

1933లో నార్వే సైన్యాధికారి హెన్రిక్ బ్రున్ చేపల వలలతో బనియన్ కుట్టించాడు. వల అంటే అన్నీ కంతలే కదా, చలికి ఏం ఆగుతుంది అనిపిస్తుంది. కంతల వల్లే ఆగుతుంది. పైన గాలి చొరని జాకెట్ వేస్తే ప్రతి కంతలోనూ గాలి కదలకుండా నిలిచిపోతుంది. ఆ నిలిచిన గాలే వెచ్చదనం. బట్ట చర్మాన్ని తాకే చోటు తక్కువ కాబట్టి తడి కూడా ఒంటికి అంటదు. అదే బనియన్ మీద పలచటి జెర్సీ వేసి జిప్పు తీస్తే, కంతల్లోని గాలి ప్రతి కదలికకూ మారిపోయి ఒళ్లు చల్లబడుతుంది. అంటే వల బనియన్ చల్లనిదా వెచ్చనిదా అన్నది దాని పైన ఏం వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే ఒక్క బేస్ లేయర్ కొనగలిగితే, చేతుల్లేని వల బనియన్ కొనమంటాను.

ఎండాకాలానికి 2–3 మిల్లీమీటర్ల కంతలున్న పలచటిది చాలు. చలికాలానికి పెద్ద కంతలు, లావు పోగులు ఉన్నవి వస్తాయి. బరువైన వీపుసంచి తగిలించుకుంటే మాత్రం వల అచ్చు ఒంటి మీద పడి మంట పుడుతుంది, ఆ రోజుకు నున్నటి అల్లిక నయం.

వాతావరణాన్ని బట్టి

28 డిగ్రీలు దాటి ఉక్కపోతగా ఉన్నప్పుడు పలచటి జెర్సీ ఒక్కటీ చాలు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక చెమట ఆవిరవ్వడమే కష్టం, ఇంకో పొర వేస్తే అది ఇంకా కష్టమవుతుంది. ఎండ తీవ్రంగా ఉన్నా గాలి పొడిగా ఉంటే, లేదా దారిలో పొడవైన దిగుడు ఉంటే, పలచటి వల బనియన్ వేసుకోవడం మేలు. ఛాతీ మీద చెమట చారలు కట్టకుండా పరుచుకుంటుంది, తడిసిన జెర్సీ చర్మానికి అతుక్కోదు.

18 నుంచి 28 మధ్య చేతుల్లేని వలతో సరిపోతుంది. 12 నుంచి 18 దాకా పొట్టి చేతులది, చదరపు మీటరుకు 100–130 గ్రాముల బట్ట. ఇలాంటి చలి రోజుల్లో చేతులకు విడి తొడుగులు వేసుకునేవాళ్లు చేతుల్లేని బనియనే వాడాలి. లేకపోతే బనియన్ చెయ్యి, తొడుగు అంచు, జెర్సీ చెయ్యి మూడూ భుజం కింద ఒకేచోట ముద్దకట్టి ఒరుసుకుంటాయి.

6 నుంచి 12 డిగ్రీలకు నిండు చేతుల 150 గ్రాముల బట్ట. అంతకు కిందికి వచ్చేసరికి గాలి లెక్కలోకి వస్తుంది. 5 డిగ్రీల చలిలో 30 కిలోమీటర్ల వేగంతో వెళితే ముఖానికి సున్నా డిగ్రీలున్నట్టు తగులుతుంది. 50తో దిగితే సున్నా కిందికి పోతుంది. ఇక్కడ 200 గ్రాముల మెరినో గానీ, లోపలివైపు నూగు లేపిన పాలియెస్టర్ గానీ వేసుకోండి. గాలిని ఆపే పని పై జాకెట్‌కే వదలండి. ఛాతీ ముందు గాలి చొరని బట్ట అతికించిన బేస్ లేయర్లు కూడా దొరుకుతాయి. చదును దారిలో నిలకడగా తొక్కేవాళ్లకు బాగుంటాయి గానీ, ఎక్కుడు దిగుళ్లున్న దారిలో ఆ బట్ట లోపల చెమట గుంట కట్టి నిలుస్తుంది.

సున్నా కింద చాలామంది 250 గ్రాముల మందం కొంటారు. గట్టిగా తొక్కేవారికి అది ఎక్కువ. తడిసిందంటే ఆ పూటకిక ఆరదు. దాని బదులు వల బనియన్, దాని మీద 150 గ్రాముల నిండు చేతులది వేస్తే రెండు పొరల మధ్య గాలి నిలుస్తుంది, తడి బయటి పొరకు పోతుంది. ఎలా వేసుకున్నా మొదటి పది నిమిషాలు కాస్త చలిగా ఉండాలి. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉంటే అర్ధగంటకు లోపలంతా తడే.

వానకు వేరే లెక్క. వాన జాకెట్ ఎంత మంచిదైనా గట్టిగా తొక్కితే లోపల తడుస్తుంది. ఆ తడి మోచేతుల మీద జిగటగా అంటుకుంటుంది. అందుకని 15 డిగ్రీలున్నా సరే, వాన జాకెట్ కింద నిండు చేతుల పలచటి మెరినో కలిపినది వేసుకోండి.

కొలత, వేసుకునే తీరు

అద్దం ముందు నిటారుగా నిలబడి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. కుర్చీ వీపు పట్టుకుని సైకిల్ మీద ఉన్నట్టు ముందుకు వంగండి. ఇప్పుడు మూడు చోట్లు చూడాలి: రెండు రెక్కల మధ్య వీపు గుంట, రొమ్ము ఎముక మీది పల్లం, నడుము పైన వెన్ను. చెమట ఎక్కువగా కారేది ఈ దారుల్లోనే, బనియన్ ఒంటిని వదిలేసేదీ ఇక్కడే. ఛాతీ మీద బట్టను వేళ్లతో పట్టి లాగితే సెంటీమీటరు కన్నా పెద్ద మడత వస్తే అది వదులు. రెండు సైజుల మధ్య ఉంటే చిన్నదే తీసుకోండి, ఊపిరి నిండా పీల్చినప్పుడు చంకల్లో కోయకపోతే చాలు. భుజం కుట్టు పట్టీ కిందికి రాకుండా ముందుకో వెనక్కో జరిగి ఉన్నది మంచిది.

వేసుకునే వరస: ముందు గుండె వేగం చూసే పట్టీ చర్మం మీద, తరువాత బనియన్, దాని మీద బిబ్ షార్ట్స్ (భుజాల మీదుగా పట్టీలుండే సైకిల్ నిక్కరు) పట్టీలు, ఆపైన జెర్సీ. పొడి చలిలో పాలియెస్టర్ ఒరిపిడికి స్థిర విద్యుత్తు పుట్టి గుండె వేగం పట్టీ లేనిపోని అంకెలు చూపుతుంది, తొడుక్కునే ముందే దాని ఎలక్ట్రోడ్లను (చర్మాన్ని తాకే భాగాలను) తడపండి. బనియన్ కింది అంచు షార్ట్స్ లోపలికి దోపవచ్చు గానీ కూర్చునే చోట కుట్టిన మెత్త దాకా రాకూడదు. కూర్చునే ఎముక కింద ఒక్క మడత పడితే రెండు గంటల్లో పుండవుతుంది. ఆడవాళ్లకు స్పోర్ట్స్ బ్రానే మొదటి పొర. అది స్పాంజి కప్పులదో కాటన్‌దో అయితే, దాని మీద ఎంత మంచి బేస్ లేయర్ వేసినా ఛాతీ తడిగానే ఉంటుంది.

పెద్ద కొండ ఉన్న రోజున ఇంకో పొడి బనియన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి వెనక జేబులో పెట్టుకోండి. పైన ఆగి మార్చుకోవడానికి రెండు నిమిషాలు. అది లేకపోతే పాతకాలపు సైకిల్ పందేలవాళ్ల ఉపాయం ఉండనే ఉంది: దినపత్రిక రెండు మూడు కాగితాలు జెర్సీకీ బనియన్‌కీ మధ్య ఛాతీ మీద పరిచి జిప్పు వేసెయ్యడం. కిందికి చేరాక తీసి పారేయాలి, తడిస్తే అదీ చలే.

ఉతుకు

ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వాడకండి. అది పోగుల మీద జిడ్డు పూత వేస్తుంది, నీరు పాకే సందులు మూసుకుపోతాయి. ఇప్పటికే వాడి ఉంటే ఒక వంతు తెల్ల వెనిగర్, నాలుగు వంతుల నీళ్లలో అర్ధగంట నానబెట్టి మామూలుగా ఉతకండి. బనియన్‌ని తిరగేసి, 30 డిగ్రీల నీటిలో, వల సంచిలో వేయండి. జాకెట్ల అంటుపట్టీలు (వెల్క్రో) తగిలితే వల అల్లిక తెగుతుంది. పాలియెస్టర్‌కి వాసన పట్టేస్తే ఆక్సిజన్ బ్లీచ్ కలిపిన 40 డిగ్రీల నీటిలో గంటసేపు నానబెట్టండి. మెరినోకి ఇది చేయకూడదు, ఆ క్షారం ఉన్నిని తినేస్తుంది. ఎంజైములున్న సబ్బుపొడీ వద్దు. మాంసకృత్తుల మరకల్ని కరిగించే ఎంజైమే ఉన్నినీ కరిగిస్తుంది, ఎందుకంటే ఉన్ని కూడా మాంసకృత్తే. మెరినోని పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, పరిచి ఆరబెట్టాలి.

కొన్ని నెలలకోసారి పాలియెస్టర్ బనియన్ లోపలివైపు ఒక చుక్క నీరు వేసి చూడండి. రెండు మూడు సెకన్లలో పరుచుకుంటే బాగున్నట్టే. గుండ్రంగా నిలిచి ఉంటే జిడ్డు పట్టింది, పైన చెప్పిన వెనిగర్ నానబెట్టు చేసి మళ్లీ చుక్క వేయండి. అప్పటికీ నిలిచే ఉంటే దాన్ని చదును దారుల పొట్టి సవారీలకు వాడుకుని, కొండ రోజుకు వేరేది తీయండి.